స్నేహితులను అడిగినవాడు: దోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 18:13-27, యోహాను 15:12-17, 1 కొరింథీయులకు 9:16-18.

మన సంఘములలో నాయకులు లేరను మాట మనము తరచుగా వినుచున్నాము. స్త్రీల మైత్రి నడిపించుటకు ఒకరు కావలెను, యౌవనుల కూడికకు ఒకరు కావలెను, పాస్టరేటు కమిటీలో లెక్కలు చూచుటకు ఒకరు కావలెను. మనుష్యులు ఉన్నారు గాని ముందుకు వచ్చువారు లేరని పెద్దలు నిట్టూర్చుదురు. మేమును అట్లే నిట్టూర్చినవారమే. అయితే కొంతకాలము క్రిందట మేము జ్వరముతో మూడు వారములు మంచము పట్టినప్పుడు, మా పాస్టరేటులోని నాలుగు పల్లెలలో ఆదివారపు ఆరాధన జరుగలేదు. కారణమేమని అడుగగా, గుడి తాళపుచెవి అయ్యగారి యొద్ద నున్నదని ఒకరును, అయ్యగారు లేకుండ వాక్యము ఎవరు చెప్పుదురని మరియొకరును చెప్పిరి. మొదట మాకు కోపము వచ్చెను. పిమ్మట ఆలోచింపగా, ఆ తాళపుచెవిని మా జేబులో వేసికొన్నది మేమే గదా అని తోచెను. ఆ మంచముమీద నున్నప్పుడు మేము చదివినది బిషప్ అజరయ్యగారి చరిత్ర. అందుచేత ఈ నెల ఆయన జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశమునందలి తిరునల్వేలి జిల్లాలో వెళ్లాలన్‌విళై అను చిన్న గ్రామమున జన్మించిరి. వారి కులమువారు తరతరములుగా తాటిచెట్లెక్కి కల్లు దించి బెల్లము కాచుకొని బ్రదికినవారు. తండ్రియైన తోమా వేదనాయగముగారు హిందూమతము నుండి ప్రభువును నమ్ముకొని, ఆ గ్రామమునకే గురువై సేవచేసెను. తల్లిదండ్రులు కుమారుని కొరకు బహుకాలము ప్రార్థించి, హన్నా చేసినట్లు ఆ బిడ్డను దేవుని కప్పగించి శామ్యూలని పేరు పెట్టిరి. 1889లో తండ్రి చనిపోయెను. ఆ తరువాత కుమారుని పెంచిన భారమంతయు తల్లిమీదనే పడెను. ఆమె ప్రార్థనాపరురాలు, క్రమశిక్షణ విషయములో గట్టిది. అజరయ్యగారిలో మనము చూచు కాఠిన్యము కొంత ఆమె యొద్దనుండి వచ్చినదేయని మా తలంపు.

ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టము పుచ్చుకొనలేదు. పరీక్షల వేళకు జబ్బుపడెను. మరల కూర్చుండి వ్రాయవలెనని ఆయనకు తోచలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. వారి పనిలో చేరి, దక్షిణదేశమంతట యౌవనస్థుల మధ్య తిరుగుచు పనిచేసెను. ఆ పనిలోనే షెర్వుడ్ ఎడ్డీ అను అమెరికా దేశపు యువకునితో ఆయనకు గాఢమైన స్నేహము కుదిరెను. ఇద్దరును కలిసి ప్రయాణము చేసిరి, కలిసి ప్రార్థించిరి, కలిసి ప్రసంగించిరి. తెల్లవాడు యజమానుడు, నల్లవాడు నౌకరు అనునదే వాడుకగా నున్న ఆ దినములలో ఈ స్నేహము సామాన్యమైనది కాదు. తరువాత ఆయన లోకమంతటి యెదుట అడిగినదానిని ఆయన ముందుగా రుచిచూచి యుండెనని మనము జ్ఞాపకముంచుకొనవలెను. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్ అను ఆమెను వివాహము చేసికొనెను. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె యొకతె. ఆమెను గూర్చి ముందు చెప్పుదుము.

1902లో అజరయ్యగారు సింహళద్వీపమునందలి యాళ్ప్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనముతో తమవారిని సువార్తికులుగా పంపుచుండుట చూచి ఆయనకు సిగ్గు కలిగెను. తిరునల్వేలి సంఘము నూరేండ్లకు పైబడినది, పెద్దది. అయినను అది ఎవరిని ఎక్కడికి పంపెను? మిషను సొమ్ము వచ్చును, మిషను దొర వచ్చును, మనము కూర్చుండి పుచ్చుకొందుము, ఇదే అలవాటు. ఆయన ఇంటికి తిరిగివచ్చి ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోటలో ఇండియన్ మిషనెరీ సొసైటీ అను సంఘము పుట్టెను. పంపబడు మనుష్యులు ఈ దేశపువారే, ఖర్చగు ధనము ఈ దేశపుదే, నడిపించు పెత్తనమును ఈ దేశపువారిదే కావలెనని దాని నియమము. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడినప్పుడును, కె.టి. పాల్ మొదలగు వారితో కూడ ఆయన అందులో ముఖ్యుడై యుండెను.

తిరునల్వేలివారు తమ మొదటి సేవకుని ఎక్కడికి పంపిరి? మన తెలుగుదేశమునకే. నైజాము రాజ్యములో, నేటి మహబూబాబాదు జిల్లాలో నున్న దోర్నకల్ ప్రాంతమునకు 1904లో వారి పని వచ్చెను. అప్పట్లో అది రైలు జంక్షను తప్ప చెప్పుకొనదగినది ఏమియు లేని చోటు. తమిళ గ్రామములలో తాటిబెల్లము అమ్ముకొనువారు ఇచ్చిన అణాలు, స్త్రీలు వండబోవునప్పుడు తీసి పక్కనపెట్టిన పిడికెడు బియ్యము, ఇవి తెలుగు పల్లెలకు సువార్తగా వచ్చెను. ఈ సంగతి మన తెలుగు సంఘములు మరచిపోవుట న్యాయము కాదు.

ఇతరులను పొమ్మని చెప్పుట యొకటి, తాను పోవుట మరియొకటి. 1909లో అజరయ్యగారు పట్టణపు పనిని విడిచి, గురుపదమునకు అభిషేకము పొంది, దోర్నకల్ వచ్చి చేరిరి. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. పేరు సంపాదించినవాడు, దేశదేశములు తిరిగినవాడు, ఇప్పుడు పల్లెటూరి గుడిసెల యెదుట కూర్చుండి చిన్నపిల్లవానివలె తెలుగు అక్షరములు నేర్చుకొనవలసి వచ్చెను. తమిళుడు తెలుగు నేర్చుకొనుట సుళువేయని కొందరు అనుకొందురు. పల్లెలో ముసలివారు మాటలాడు తెలుగును విని గ్రహించుట పుస్తకపు తెలుగు చదువుట వంటిది కాదని ప్రయత్నించిన వారికే తెలియును.

మరుసటి యేడు, 1910 జూన్ నెలలో, స్కాట్లండు దేశమునందలి ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనెరీ మహాసభ కూడెను. సుమారు 1200 మంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో ఆసియా దేశములవారు ఇరువదిమంది ప్రాంతము మాత్రమే. అజరయ్యగారిని మాటలాడుమని పిలిచిరి. పరదేశపు సేవకులకును దేశీయ సేవకులకును మధ్య నుండవలసిన సహకారము వారిచ్చిన విషయము. ఆయన మిషనెరీల త్యాగమును తక్కువచేయలేదు. ప్రేమను గూర్చి పౌలు వ్రాసిన అధ్యాయమును మనస్సులో నుంచుకొని, వారు ఆస్తిని బీదలకు పంచిరనియు, శరీరములను సహితము అప్పగించిరనియు ఒప్పుకొనెను. అయినను వారు ఇయ్యనిది యొకటి మిగిలియున్నదని చెప్పెను. అది స్నేహము. ఏండ్ల తరబడి కలిసి పనిచేయుచున్నను దేశీయ సేవకుని యింటి గడప త్రొక్కని దొరలు కలరు. చేయి కలుపనివారు కలరు. జీతమిచ్చి పని చేయించుకొను నౌకరుగా తప్ప సహోదరునిగా ఎంచనివారు కలరు. ఇవన్నియు ఆయన దాచక చెప్పి, తమకు స్నేహితులు కావలెనని అడిగెను.

సభలో కలవరము పుట్టెను. కృతజ్ఞత లేని మాటలని కొందరు నొచ్చుకొనిరి. సత్యము చెప్పెనని కొందరు సంతోషించిరి. ఆ ప్రసంగమును నేటివరకు సంఘచరిత్ర వ్రాయువారందరు ప్రస్తావింతురు. అయితే అందరు ప్రసంగమును మెచ్చుకొని అంతటితో నిలిచిపోవుదురు. ఎడింబరోలో ఆయన అడిగినవాడు. అడుగుట, కష్టమైనను, ఒక్క సాయంకాలపు పని. అడిగినదానిని తనక్రిందివారికి తానే ఇయ్యవలసిన దినము రెండున్నర యేండ్లలో వచ్చెను. ఆయన యోగ్యత అక్కడ తూచబడెను.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు, తెలుగు పల్లెలలోని పని తన చేతికి అందనంత విస్తారమైనదని చూచి, దోర్నకల్‌ను ప్రత్యేకమైన అధ్యక్షఖండముగా చేసి అజరయ్యగారిని దానికి బిషప్పుగా నియమింపవలెనని తలంచెను. అంతవరకు ఆంగ్లికన్ సంఘములో ఈ దేశపువాడు ఎవడును బిషప్పు కాలేదు. ఆక్షేపణలు అన్ని వైపుల నుండి వచ్చెను. నల్లవాని క్రింద తెల్లవారు ఎట్లు పనిచేయుదురని మిషనెరీలలో కొందరు సణిగిరి. విచారకరమేమనగా, దేశీయ క్రైస్తవులలో నుండియు, ఆయన స్వంత తిరునల్వేలి నుండియు ఎదురుమాటలు వచ్చెను. కులము అందులో తన పని తాను చేసెను. యోసేపు సహోదరుల సంగతి మనము ఎరిగినదే. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెంట్ పాల్స్ కథీడ్రల్‌లో పదునొకండుమంది బిషప్పులు ఆయన తలమీద చేతులుంచిరి. 1920లో కృష్ణా తీరపు సి.ఎం.ఎస్. వారి తెలుగు సంఘములు, అనగా 1841లో మచిలీపట్టణమున మొదలైన ఆ పెద్ద పని, ఆయన ఖండములో కలిసెను. అప్పుడు ఇంగ్లీషు మిషనెరీలు నిజముగానే ఆయన క్రింద పనిచేయవలసి వచ్చిరి. మొదట వెనుకాడినవారు కొందరు ఆయనకు నమ్మకమైన సహాయకులైరి.

ఇప్పుడు ఆయన యెదుట నున్నది ఏమి? ఎక్కువమంది మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను ఉన్నవారు. చదువు లేదు, భూమి లేదు, అప్పులు కలవు, వెట్టి కలదు. ఊరిబావి వారికి దూరము. వారు కుటుంబములుగా, పల్లెలుగా బాప్తిస్మము అడుగుచుండిరి. ఇంతమందికి కాపరులేరి? నిర్గమకాండములో మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా కూర్చుండి న్యాయము తీర్చుచుండగా, మామయైన యిత్రో చూచి, నీవును నలిగిపోవుదువు, జనమును నలిగిపోవుదురు, పని పంచుమని బుద్ధిచెప్పెను. గొప్పవారు చాలమంది మోషే చేసినంతవరకు చేయుదురు. యిత్రో మాట వినువారు తక్కువ. అజరయ్యగారు విన్నవారిలో నొకడు.

పనిని పంచుటకు ఆయన ఎన్నుకొన్నది పట్టణపు చదువులు చదివినవారిని కాదు, పల్లె పంతులును. ఆ పంతులు ఎవడు? నాలుగు తరగతులు చదివినవాడు. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించును, రాత్రి పొలము నుండి తిరిగివచ్చిన పెద్దలకు దీపము పెట్టి వాక్యము చెప్పును, జబ్బైనవానికి మందు తెచ్చును, అర్జీ వ్రాసి తహసీల్దారు కచ్చేరికి తోడుపోవును. భూస్వామికి కోపము వచ్చినప్పుడు మొదటి దెబ్బ అతనికే. మిషను లెక్కల పుస్తకములో అతడు అందరికంటె క్రింది వరుసలో నున్నవాడు. అజరయ్యగారు ఈ మనిషిని సంఘమునకు మూలస్తంభముగా ఎంచిరి. దోర్నకల్‌లో పాఠశాలలు పెట్టి, పంతుళ్లను గురువులను తరిఫీదు చేసిరి. చదువుకొన వచ్చువారు భార్యాబిడ్డలతో వచ్చి పల్లెలో నుండునట్లే సామాన్యమైన యిండ్లలో కాపురముండిరి. పల్లె జీవితమునకు పనికిరాని అలవాట్లు వారికి అంటకూడదని ఆయన తలంపు. భర్తతో కూడ భార్యయు చదువవలెను. ఇందులో అన్బు అమ్మగారి చేయి గొప్పది. పల్లెలో స్త్రీల మధ్య పని స్త్రీయే చేయవలెనని, పంతులమ్మకు వాక్యము, ఆరోగ్యము, బిడ్డల పెంపకము తెలిసియుండవలెనని ఆమె ఎరిగి, మదర్స్ యూనియను ద్వారా ఎంతో కష్టపడెను.

తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయములో పౌలు, తాను చెప్పినదానిని నమ్మకమైనవారికి అప్పగింపుమనియు, వారు మరి యితరులకు బోధింపవలెననియు చెప్పుచున్నాడు. నాలుగు తరములు అక్కడ కనబడుచున్నవి. అజరయ్యగారు పంతులుతో ఆగలేదు. క్రొత్తగా బాప్తిస్మము పొందిన ప్రతివాడును, అక్షరము రాని కూలివాడైనను సరే, తన చేతిని తన తలమీద పెట్టుకొని, తాను బాప్తిస్మము పొందినవాడననియు, సువార్తను ప్రకటింపనియెడల తనకు శ్రమయనియు, కొరింథీయులకు పౌలు వ్రాసిన మాటను తన మాటగా ఒప్పుకొనునట్లు ఆయన చేయుచుండెను. ఊరిలో ఎవడును లెక్కచేయని మనిషి, తన తలమీద తన చేయి వేసికొని, లోకమునకు తాను బాకీ ఉన్నానని చెప్పుట ఎంత గొప్ప సంగతియో ఆలోచించుడి. అంతవరకు అతడు పుచ్చుకొనువాడే. ఆ గడియనుండి ఇచ్చువాడు. ప్రతి సంవత్సరము సాక్ష్యవారము అని యొక వారము ఏర్పరచి, కూలిపనికి పోవువారు సహితము గుంపులుగా చుట్టుపట్ల ఊళ్లకు పోయి పాటలతో ప్రభువును ప్రకటించునట్లు ఏర్పాటు చేసిరి. మాల మాదిగల జీవితములలో వచ్చిన మార్పును చూచి, ఇతర కులస్థులు కూడ, వేలకొలదిగా, ప్రభువునొద్దకు వచ్చిరి. వారిని తెచ్చినది బిషప్పుగారి ప్రసంగములు కావు. కల్లుపాక మానినవాడు, భార్యను కొట్టుట మానినవాడు, ఋణము తీర్చినవాడు, వీరిని చూచి వచ్చిరి.

మరి మా తాళపుచెవి సంగతి. ఈ చరిత్ర చదివిన పిమ్మట మేము ఒక్కొక్క పల్లెలో ఒక్కొక్కరికి దానిని ఇచ్చితిమి. ఒక పల్లెలో పెద్దలెవరును ముందుకు రాక ఒక విధవరాలు పుచ్చుకొనెను. మొదటి ఆదివారము ఆమె కీర్తన ఎత్తిన రాగము తప్పు, చదివిన అధ్యాయమును మేము చెప్పినది కాదు. పందొమ్మిదిమంది వచ్చిరి. మేము వెళ్లిన ఆదివారములలో పదునైదుమంది వచ్చుట కష్టము. ఇది మాకు సంతోషమో అవమానమో ఇంకను తేల్చుకొనలేదు.

ధనము విషయములో అజరయ్యగారు మెత్తనివాడు కాడు. బీదవాడు గనుక అతనిని కానుక అడుగకూడదను మాటను ఆయన ఒప్పుకొనలేదు. అడుగకపోవుట అతనిని ఇంకను బిచ్చగానిగా ఉంచుటయే. కోతకాలపు పండుగలలో ధాన్యము, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు గుడిలోనికి వచ్చెను. పిడికెడు బియ్యపు వాడుక మన తెలుగు పల్లెలలో స్థిరపడెను. క్రైస్తవుని కానుకలను గూర్చి ఆయన పుస్తకమొకటి వ్రాసెను. 1935 నాటికి ఆయన ఖండములో 250 మంది దేశీయ గురువులును, 2000 మందికి పైగా గ్రామోపదేశకులును ఉండిరి. వైద్యశాలలు, సహకార సంఘములు, అచ్చుకూటములు నడుచుచుండెను. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. ఇంత పనిని ఒక మనుష్యుడు పైనుండి గుంజి నడిపించెనని అనుకొనరాదు. ఆయన చేసినది ఎడ్లబండి యెక్కి పల్లె పల్లెకు పోవుట, పంతులు యింట కూర్చుండుట, అతని కష్టము వినుట. ఎడింబరోలో ఆయన దొరల విషయమై దుఃఖపడినది, దొర మన యింటి గడప త్రొక్కడని గదా. ఆయన తన పంతుళ్ల గడపలు త్రొక్కెను.

ఆయనలో లోపములు లేవని మేము చెప్పము. ఆయన క్రమశిక్షణ కఠినము. సోమరియైన పంతులు ఆయన రాకకు వణకెడివాడు. స్నేహము వేరు, పని విషయములో చూచీచూడనట్లుండుట వేరు అని ఆయన ఎంచెను; ఈ రెంటిని కలిపివేసి నష్టపోయిన గురువులను మనము ఎరుగుదుము. ఇక కులము విషయము. మాలపల్లె క్రైస్తవులును మాదిగపల్లె క్రైస్తవులును ఒకే పాత్రలోనుండి ప్రభువు రక్తపు గురుతును పుచ్చుకొనవలెనని ఆయన జీవితమంతయు పోరాడెను. ఆయన గెలిచెనని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. ఆయన నాటినది కొన్నిచోట్ల మొలిచెను. కొన్నిచోట్ల నేటికిని కమిటీ ఎన్నికల నాడు ఏ పల్లెకు ఎన్ని ఓట్లని మనము లెక్కపెట్టుకొనుచున్నాము. నాయకుడెంత గొప్పవాడైనను, వెనుకవచ్చువారు చేయవలసిన పనిని అతడు చేసి పెట్టలేడు.

మహాత్మా గాంధీగారికిని ఆయనకును 1930 తరువాతి సంవత్సరములలో మతాంతరమును గూర్చి భేదాభిప్రాయము కలిగెను. హరిజనులు క్రైస్తవులగుట గాంధీగారికి నచ్చలేదు. వారికి తమ మనస్సాక్షి చొప్పున దేవుని వెదకు హక్కు కలదని అజరయ్యగారు తలవంచక చెప్పిరి. అట్లని ఆయన క్రైస్తవులకు ప్రత్యేకమైన ఓట్లు, ప్రత్యేకమైన స్థానములు కావలెనని కోరలేదు. దానిని ఎదిరించెను. సంఘము ఓట్ల కొరకైన ఒక కులముగా మారిపోవునని ఆయన భయపడెను. తనవారికి లాభము తెచ్చు నాయకుడు దొరకుట సులభము. తనవారికి లాభమైనను వారి ఆత్మకు కీడని యెంచి వద్దను నాయకుడు అరుదు.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చిరి. మద్రాసులో పరీక్ష వ్రాయనివానికి అట్లు గౌరవము వచ్చెను. దానిని గూర్చి ఎక్కువ వ్రాయ నక్కరలేదు. దోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్‌ను గూర్చి మాత్రము ఒక మాట చెప్పవలెను. 1939 జనవరి 6వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. ఇంగ్లండులోని రాతిగుడికి నకలుగా దానిని కట్టలేదు. గుమ్మటములు మసీదును, స్తంభములు దేవాలయమును జ్ఞాపకము చేయును. చూడనివారు రైలుదిగి చూచి పోవుడి. ఈ దేశపు శిల్పి చేతులకును ఆయన పని అప్పగించెనని చూడగానే తెలియును.

ఆయన హృదయములో నుండిన గొప్ప భారము సంఘముల ఐక్యత. ఒకే ఊరిలో ఒక పల్లె ఒక మిషను, పక్కపల్లె మరియొక మిషను. పెండ్లి సంబంధము కలుపుకొందురు గాని ప్రభువు బల్లయొద్ద కలియరు. 1919 మే నెలలో తరంగంబాడిలో, 1706లో మొదటి ప్రొటెస్టంటు మిషనెరీలు దిగిన ఆ చోటనే, ముప్పదిముగ్గురు సేవకులు కూడిరి. ఇద్దరు తప్ప అందరు ఈ దేశపువారే. మనము వేరుగా నుండుటకు కారణములు పరదేశములలో పుట్టినవి, మనకు వాటితో పనిలేదని వారు గ్రహించి ఐక్యతను కోరుచు ప్రకటన చేసిరి. అజరయ్యగారు వారిలో ముఖ్యులు. ఆ పని ఒక్క తీర్మానముతో ముగియునని ఎవరైన అనుకొనియుండిన మోసపోయిరి. ఏండ్ల తరబడి కమిటీలు కూడెను. బిషప్పులుండవలెనా, అభిషేకము ఎట్లు, పాత గురువుల సంగతి యేమి అని మాటమాటకు చిక్కు. మెథడిస్టులు, కాంగ్రిగేషనలువారు, ప్రెస్బిటీరియనులు, ఆంగ్లికనులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క భయము. 1927లో స్విట్జర్లండు నందలి లోజాన్ సభలో, పాశ్చాత్య సంఘములు తమ విభేదములను ఓర్చుకొనగలవేమో గాని, క్రొత్తగా నమ్మినవారి దేశములో అవి పాపమును ఆటంకమునైయున్నవని ఆయన గట్టిగా చెప్పెను. 1929 నుండి చనిపోవువరకు ఇండియా దేశపు నేషనల్ క్రిస్టియన్ కౌన్సిలుకు ఆయన అధ్యక్షుడుగా నుండెను. 1938లో తాంబరములో ప్రపంచ మిషనెరీ సభ కూడినప్పుడు అతిథులను చేర్చుకొనినవారిలో ఆయన ముందువాడు. ఎడింబరోలో ఇరువదిమంది ప్రాంతముగా నున్నవారు, తాంబరములో సగము ప్రాంతమైరి.

ఇరువదియైదు సంవత్సరములు ఒక పని కొరకు కూర్చుండుట ఎట్టిదో కమిటీలలో కూర్చున్నవారికి తెలియును. ఒకడు కోపించి లేచిపోవును, ఒకడు విసిగి మానివేయును. ఆయన లేచిపోలేదు. ఆ లోపల దోర్నకల్ ఖండములోని పని ఆగనులేదు. ఎందుకనగా అది ఆయన ఒక్కని భుజముమీద లేదు. బిషప్పుగారు లోజాన్‌లో నున్నప్పుడు పల్లెలో దీపము వెలిగించుటకు పంతులు కలడు, పంతులమ్మ కలదు.

అప్పటికి ఎ.బి. ఎలియట్ అను ఇంగ్లీషు దొరగారు ఆయనకు సహాయ బిషప్పుగా పనిచేయుచుండిరి. 1912లో నల్లవాని క్రింద తెల్లవారు ఎట్లు పనిచేయుదురని అడిగినవారిలో ఎందరు అది చూచుటకు బ్రదికి యుండిరో గాని, ఆ ఇద్దరు సేవకులును కలిసి ఖండమును మోసిరి. యోహాను సువార్త పదునైదవ అధ్యాయములో ప్రభువు తన శిష్యులను ఇక దాసులనక స్నేహితులని పిలుచుచున్నాడు. తండ్రియొద్ద తాను విన్నదంతయు వారికి తెలియజేసినందున అట్లు పిలుచుచున్నాడు. తనకు తెలిసినది దాచుకొనువాడు యజమానుడు. తెలియజేయువాడు స్నేహితుడు. ఈ వాక్యమును మేము ఎన్నిమారులో ప్రసంగించితిమి గాని, తాళపుచెవులకును లెక్కల పుస్తకములకును అది చెందునని జ్వరము వచ్చువరకు మాకు తోచలేదు.

1945 జనవరి 1వ తేదీన, కొద్దిదినముల జ్వరముతో, దోర్నకల్‌లోనే అజరయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది సంవత్సరములు. ఆయన కోరిన ఐక్యత ఆయన కన్నులు చూడలేదు. దాని కట్టకడపటి ఓటు అప్పటికి ఇంకను జరుగలేదు. ఆయనను దోర్నకల్‌లో సమాధిచేసిరి. ఆయన తరువాత ఆ పీఠమున కూర్చున్నది ఎలియట్‌గారే. రెండు సంవత్సరముల తొమ్మిది నెలలకు, 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులోని సెంట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆ సంఘపు మొదటి ఖండములలో దోర్నకల్ ఒకటి.